బ్రావో, బ్రావా, బ్రావీ, బ్రావే

మన స్కూళ్ళలో వార్షికోత్సవం రోజున తప్పకుండా వినిపించే విదేశీ మాట ఒకటుంది. కూచిపూడి చేసిన అమ్మాయికీ, తబలా వాయించిన అబ్బాయికీ, గ్రూప్ డాన్స్ చేసిన పన్నెండు మందికీ వెనక వరసల నుంచి ఒకటే కేక: "బ్రేవో!" ఇంగ్లీషు మీదుగా మన దాకా వచ్చిన ఈ మాట అసలు ఇటాలియన్ విశేషణం. నేర్పు గలవాడు, భేష్ అనిపించుకున్నవాడు అని అర్థం. ఇటలీలో ఒక అబ్బాయి బాగా పాడితే "బ్రావో" అంటారు. అమ్మాయి పాడితే "బ్రావా". అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి పాడితే "బ్రావీ". పాడినవాళ్ళంతా అమ్మాయిలే అయితే "బ్రావే". అంటే అక్కడ చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా వేదిక మీద ఎవరున్నారో చూసుకుని మరీ కేక వేయాలన్నమాట. పదకొండు మంది అమ్మాయిల మధ్య ఒక్క అబ్బాయి ఉన్నా "బ్రావే" కాస్తా "బ్రావీ" అయిపోతుంది. ఆ ఒక్కడి కోసం పదకొండు మందీ పుంలింగంలోకి వెళ్ళడం నాకు నచ్చదు గానీ, వ్యాకరణం మన ఇష్టాయిష్టాలను అడగదు కదా.

తెలుగు చెప్పే టీచరుకి ఇటాలియన్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. నిజానికి ఆ పని పెట్టింది మీలాంటి పిల్లలే. తెలుగును 'తూర్పు దేశాల ఇటాలియన్' అంటారని మనం ప్రతి పుస్తకంలోనూ చదువుతాం, ప్రతి సభలోనూ వింటాం. ఒక ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు ఎనిమిదో తరగతి కుర్రాడొకడు లేచి, "మేడమ్, మరి ఇటలీవాళ్ళు ఇటాలియన్‌ని పడమటి దేశాల తెలుగు అంటారా?" అని అడిగాడు. క్లాసంతా నవ్వింది. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ తరవాత బదిలీ అయిన చోట క్వార్టరు దొరక్క మూడు నెలలు గెస్ట్‌హౌస్‌లో ఒక గదిలో ఉన్నాను. సాయంత్రాలు పొడుగ్గా ఉండేవి. ఒక పాత పుస్తకాల దుకాణంలో దొరికిన ఇటాలియన్ వాచకం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

పోలిక ఎక్కడ ఉందో మొదటి పేజీలోనే తెలిసిపోయింది. రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయి. మనం బస్‌ని బస్సు, రోడ్‌ని రోడ్డు, కార్‌ని కారు చేసుకున్నాం. హల్లుతో ఆగిపోతే మన నోటికి తృప్తి ఉండదు. ఇటాలియన్‌లో 'లీబ్రో' అంటే పుస్తకం, 'కాసా' అంటే ఇల్లు, 'మేలా' అంటే ఆపిల్ పండు, 'ఫియోరే' అంటే పువ్వు. వినడానికి హాయిగా ఉంటాయి. ఆ మాటకొస్తే ఈ విషయంలో మనమే ఎక్కువ పట్టుదల గలవాళ్ళం. ఇటలీవాళ్ళు 'ఫిల్మ్', 'బార్', 'స్పోర్ట్' లాంటి అరువు మాటలను చివర అచ్చు చేర్చకుండా అలాగే వాడేసుకుంటారు. మనమైతే ఫిల్మ్‌ని ఫిల్ము అనేదాకా ఊరుకోం.

రెండో పేజీలో పోలిక తెగిపోయింది. మన మాట చివరి అచ్చు చెవికి ఇంపు, నోటికి సుఖం. ఇటాలియన్ మాట చివరి అచ్చు ఉద్యోగం చేస్తుంది. ఆ మాట పుంలింగమా స్త్రీలింగమా, ఒకటా చాలా ఉన్నాయా అని చెప్పే పని దానిదే. 'ఓ' అయితే సాధారణంగా పుంలింగం, ఏకవచనం. 'ఆ' అయితే స్త్రీలింగం. పుంలింగం బహువచనానికి 'ఈ', స్త్రీలింగం బహువచనానికి 'ఏ'. విశేషణం కూడా తన ముందున్న నామవాచకాన్ని చూసి అదే వేషం కట్టాలి. ఎరుపుకి 'రొస్సో' అంటారు. ఎర్ర పుస్తకం 'లీబ్రో రొస్సో', ఎర్ర పుస్తకాలు 'లీబ్రీ రొస్సీ'. ఎర్ర ఆపిల్ 'మేలా రొస్సా', ఎర్ర ఆపిల్స్ 'మేలే రొస్సే'. అంత్యప్రాస వేసినట్టే ఉంటుంది.

అయితే ప్రాస కుదిరిందంటే నియమం అర్థమైందని కాదు. అసలు పరీక్ష ప్రాస కుదరని చోటే ఉంది. చేతిని 'మానో' అంటారు. చివర 'ఓ' ఉన్నా అది స్త్రీలింగం. అందుకని చిన్న చెయ్యి 'మానో పిక్కొలా'. 'ప్రొబ్లేమా' అంటే సమస్య. చివర 'ఆ' ఉన్నా పుంలింగం. కొత్త సమస్య 'ప్రొబ్లేమా నువోవో'. అంటే విశేషణం చూసేది నామవాచకం తొడుక్కున్న చొక్కాను కాదు, దాని అసలు లింగాన్ని. కొన్ని విశేషణాలు 'ఏ'తో ముగుస్తాయి. వాటికి ఆడామగా తేడా లేదు. 'వెర్దే' అంటే ఆకుపచ్చ. పుస్తకానికైనా ఆపిల్‌కైనా 'వెర్దే'నే. ఎక్కువ ఉంటే 'వెర్దీ'. ఇక అసలు మారని మొండివాళ్ళూ ఉన్నారు. 'రోజా' అంటే గులాబీ రంగు, 'వియోలా' అంటే ఊదా, 'బ్లూ' అంటే ముదురు నీలం. మొదటి రెండూ పువ్వుల పేర్లు, రంగుల పనికి వచ్చాయి. మన గులాబీ రంగు, కనకాంబరం రంగు ఎలా వచ్చాయో అలాగే.

మరి తెలుగులో? మంచి అబ్బాయి, మంచి అమ్మాయి, మంచి పిల్లలు, మంచి పుస్తకం, మంచి పుస్తకాలలో. 'మంచి' ఎక్కడా కదల్లేదు. లింగం మారినా, వచనం మారినా, వెనక విభక్తి వచ్చి చేరినా దానికి పట్టలేదు. చెవికి అక్కాచెల్లెళ్ళలా వినిపించే రెండు భాషలు విశేషణం దగ్గరికి వచ్చేసరికి ముఖాలు తిప్పుకుంటాయి.

ఇటాలియన్‌కి ఇక్కడ అసలు చుట్టం మీరు రోజూ ప్లేగ్రౌండ్‌లో మాట్లాడే హిందీ. అచ్ఛా లడ్‌కా, అచ్ఛీ లడ్‌కీ, అచ్ఛే లడ్‌కే. 'ఆ'తో ముగిసే విశేషణం మారుతుంది. 'లాల్', 'సుందర్' లాంటివి మారవు. ఇటాలియన్ నాలుగు రూపాలు వాడుతుంది, హిందీ మూడింటితో సరిపెట్టుకుంటుంది, ఎందుకంటే అచ్ఛీ లడ్‌కీ ఒక్కతి ఉన్నా పదిమంది ఉన్నా 'అచ్ఛీ'నే. దీని వెనక పాత చుట్టరికం ఉంది. లాటిన్‌లో విశేషణానికి మూడు లింగాలు: మంచికి బోనుస్, బోనా, బోనుమ్. సంస్కృతంలోనూ మూడే: సుందరః బాలకః, సుందరీ బాలికా, సుందరం ఫలమ్. విశేష్యానికి ఏ లింగమో, ఏ వచనమో, ఏ విభక్తో విశేషణానికీ అవే అని మీ సంస్కృతం టీచరు చెప్పే ఉంటారు. లాటిన్ నుంచి ఇటాలియన్ వచ్చేటప్పుడు నపుంసక లింగం దాదాపు జారిపోయింది, విభక్తి ప్రత్యయాలూ రాలిపోయాయి. సంస్కృత, ప్రాకృతాల మీదుగా హిందీ వచ్చేటప్పుడు కూడా అదే జరిగింది, మూడు లింగాలు రెండయ్యాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు, తమిళం, కన్నడాలది వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ మద్రాసులో 1816లో చూపించాడు. అందుకే ఇటాలియన్ వినడానికి మనలా ఉంటుంది, నడవడానికి హిందీలా నడుస్తుంది. (అన్నట్టు, రైల్వేలో మీ నాన్నగారికి దసరా ముందు వచ్చే బోనస్ ఆ లాటిన్ 'బోనుస్'. మంచి అనే విశేషణమే జీతంతో పాటు ఇంటికి వస్తోంది.)

ఇదంతా నేను సరదాగా చదువుకున్నదే. క్లాసులో పనికొస్తుందని అనుకోలేదు.

ఉత్తరాదిన ఒక చోట ఏడో తరగతిలోకి నవంబరులో ఒక అమ్మాయి వచ్చి చేరింది. అప్పటికి ఆమె నాలుగో స్కూలు. అంతకు ముందు నాలుగేళ్ళు విశాఖపట్నంలో. లెక్కల్లో చురుకు, డ్రాయింగ్ బాగా వేస్తుంది. వచ్చిన రెండో వారంలో ఎవరితోనో మాట్లాడుతూ "మేరా మమ్మీ" అంది. పక్కవాళ్ళు నవ్వారు. తరవాత "బడా కుర్సీ" అంది. మళ్ళీ నవ్వారు. ఆ నవ్వులో పెద్ద దుర్మార్గం ఏమీ లేదు, పిల్లల నవ్వే. కానీ డిసెంబరు వచ్చేసరికి ఆ అమ్మాయి క్లాసులో నోరు విప్పడం మానేసింది. తెలిసిన జవాబుకి కూడా చెయ్యి ఎత్తేది కాదు. వాళ్ళ క్లాస్ టీచరు నాతో, "మీ తెలుగు పిల్ల చాలా నెమ్మది" అన్నారు. నెమ్మది కాదు. నా పీరియడ్‌లో ఆ అమ్మాయిని ఆపడం కష్టంగా ఉండేది.

ఆ పిల్ల మనసులో పడింది ఏమిటంటే, తనకి హిందీ రాదని కాదు, తనకి తెలివి లేదని. "అందరికీ వచ్చేది నాకెందుకు రాదు మేడమ్? చిన్నపిల్లలు కూడా తప్పు చెయ్యరు" అని అడిగింది. నేను బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి రొస్సో, రొస్సా, రొస్సీ, రొస్సే రాశాను. పక్కన అచ్ఛా, అచ్ఛీ, అచ్ఛే. వాటి పక్కన మంచి, మంచి, మంచి, మంచి. ఆ అమ్మాయి కొంచెంసేపు చూసి, "అయితే మన దాంట్లో ఈ పనే లేదా?" అంది. లేదు. పుట్టినప్పటి నుంచి చెయ్యని పని ఇప్పుడు మాట మాటకీ చెయ్యమంటే నాలుక తడబడుతుంది. అందులో తెలివి ప్రసక్తి లేదు. అదే క్లాసులో నా దగ్గర తెలుగు నేర్చుకుంటున్న హిందీ ఇంటి కుర్రాడొకడు "ఎర్రా చొక్కా, ఎర్రీ లంగా" అని రాసేవాడు. వాడి నోట్‌బుక్ చూపించాను. పడీపడీ నవ్వింది. వాడికి లేనిది కొత్తగా చేరుస్తున్నాడు, తనకి ఉండాల్సింది అందడం లేదు. ఇద్దరూ తమ ఇంటి అలవాటునే పక్కింటికి తీసుకెళ్తున్నారు.

ఆ పిల్ల మర్నాటి నుంచీ గలగలా హిందీ మాట్లాడిందని మాత్రం చెప్పలేను. తడబడుతూనే ఉండేది. కానీ తడబడినప్పుడు ఆగి, కుర్చీ స్త్రీలింగమా అని పక్కనున్న పిల్లనే అడిగేది. ఎందుకు స్త్రీలింగం అని కూడా అడిగేది. ఆ ప్రశ్నకి వాళ్ళ దగ్గర జవాబు ఉండేది కాదు. మార్చిలో వాళ్ళ నాన్నగారికి మళ్ళీ బదిలీ అయింది.

ఆ అమ్మాయిని బాగా ఇబ్బంది పెట్టిన చోటు ఇంకొకటుంది, 'ఉస్‌కా, ఉస్‌కీ'. తెలుగులో 'అతని చెల్లెలు', 'ఆమె అన్న' అంటాం. ఎవరిదో వాళ్ళని బట్టి మాట మారుతుంది. ఇంగ్లీషులోనూ అంతే. హిందీలో 'ఉస్‌కీ బహన్' అంటే చెల్లెలు ఉంది కాబట్టి 'కీ'. ఆ చెల్లెలు ఎవరికి చెల్లెలు, అబ్బాయికా అమ్మాయికా అన్నది ఆ మాటలో తెలియదు. ఇటాలియన్‌లో అచ్చం ఇదే. 'సూవో ఫ్రతెల్లో' అంటే అతని సోదరుడు కావచ్చు, ఆమె సోదరుడు కావచ్చు. 'సూవా సొరెల్లా' అంటే అతని సోదరి కావచ్చు, ఆమె సోదరి కావచ్చు. ఇంగ్లీషు మీడియంలో చదివే మీకు ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

ఇక్కడే ఇటాలియన్ మన వైపు ఒక్క అడుగు వేసింది, అది నాకు చాలా ఇష్టమైన సంగతి. ఇటాలియన్‌లో 'నా పుస్తకం' అనాలంటే ముందు ఒక ఉపపదం పెట్టి 'ఇల్ మీయో లీబ్రో' అనాలి. నా ఇల్లు 'లా మీయా కాసా'. కానీ అమ్మ, నాన్న, అన్న, చెల్లెలు అని ఒక్కరి గురించి చెప్పేటప్పుడు ఆ ఉపపదం తీసేస్తారు. 'మీయా మాద్రే', 'మీయో పాద్రే' అంతే. ఇంట్లో మనిషికి వేరే మర్యాద. మనం కూడా 'నా పుస్తకం', 'నా పెన్ను' అంటాం గానీ 'నా అమ్మ' అనం, 'మా అమ్మ' అంటాం. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఎవరూ లేని పిల్లవాడు కూడా 'మా అమ్మ' అనే అంటాడు. దారులు వేరు. వాళ్ళు ఒక మాట తీసేస్తారు, మనం నన్ను తీసి మమ్మల్ని పెడతాం. కానీ అమ్మను పుస్తకంతో సమానంగా మాట్లాడకూడదన్న పట్టింపు రెండు చోట్లా ఉంది.

విశేషణం ఎక్కడ కూర్చోవాలన్నది ఇంకో కథ. మనకి విశేషణం ఎప్పుడూ ముందే. ఇటాలియన్‌లో సాధారణంగా వెనక. కానీ కొన్నిటిని ముందుకు తెస్తే అర్థం మారిపోతుంది. 'వువోమో గ్రాందే' అంటే భారీ మనిషి. 'గ్రాందే వువోమో' అంటే గొప్ప మనిషి. మనం ఈ పని మాటలను కలిపి, విడదీసి చేస్తాం. 'పెద్ద మనిషి' అని విడిగా అంటే ఒళ్ళు పెద్దది, వయసు పెద్దది. 'పెద్దమనిషి' అని కలిపి అంటే ఊళ్ళో తగవులు తీర్చేవాడు. 'పోవెరో' అన్న విశేషణం వెనక ఉంటే చేతిలో డబ్బు లేనివాడు, ముందు ఉంటే పాపం అనిపించుకునేవాడు. 'వెక్కియో' వెనక ఉంటే వయసు మళ్ళిన స్నేహితుడు, ముందు ఉంటే ఎంతో కాలంగా తెలిసిన స్నేహితుడు. దీనికి మనకి ముసలి, పాత అని రెండు వేర్వేరు మాటలే ఉన్నాయి కాబట్టి స్థలాలు మార్చే శ్రమ లేదు.

'బెల్లో' అంటే అందమైన. ఇది నామవాచకం ముందు కూర్చుందంటే పక్కనున్న అక్షరాన్ని బట్టి బెల్, బెల్లో, బెల్లా, బేయ్, బెల్యీ, బెల్లే అని రకరకాలుగా మారుతుంది. సంధులు ఎందుకు మేడమ్ అని నన్ను విసిగించే పదో తరగతివాళ్ళకి దీన్ని ఒకసారి చూపించాను. ఆ వారం సవర్ణదీర్ఘ సంధి గురించి ఎవరూ సణగలేదు.

నాకు అన్నిటికంటే నచ్చిన విశేషణం 'నువోవో', కొత్త. స్త్రీలింగంలో 'నువోవా'. ఇది లాటిన్ 'నోవుస్' నుంచి వచ్చింది. మన నవయుగం, నవోదయం, నవవధువులోని సంస్కృత 'నవ' దీనికి తోబుట్టువే. (తొమ్మిదిని సంస్కృతంలో 'నవ' అంటే ఇటాలియన్‌లో 'నోవే' అంటారు. రెండు చోట్లా కొత్తా తొమ్మిదీ ఇలా పక్కపక్కనే ఉన్నాయి.) 'స్కువోలా' అంటే బడి. 'స్కువోలా నువోవా' అంటే కొత్తగా కట్టిన బడి, గోడల మీద సున్నం వాసన పోనిది. 'నువోవా స్కువోలా' అంటే ఇంతకు ముందున్నది కాక ఇంకొకటి, మనకి కొత్తది. భవనం యాభై ఏళ్ళ నాటిదైనా సరే. తెలుగులో 'కొత్త స్కూలు' అంటే రెండూ వస్తాయి, సందర్భం చూసి తెలుసుకోవాలి. బదిలీ ఆర్డరు వచ్చినప్పుడు మీకు దొరికేది దాదాపు ఎప్పుడూ 'నువోవా స్కువోలా'నే. ప్రార్థన గంట రైలు పట్టా ముక్క, బెంచీల మీద పాతవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి, నీళ్ళ కుళాయి దగ్గర ఎవరి చోటు ఎవరిదో ముందే తేలిపోయి ఉంటుంది. స్కూలుకి ఏమీ కొత్త కాదు, కొత్తదనమంతా వచ్చినవాళ్ళది.

ఇంతసేపూ తెలుగు విశేషణం కదలదని చెప్పాను. దానికి ఒక మినహాయింపు చెప్పకపోతే మన భాషకి అన్యాయం చేసినట్టే. నామవాచకం ముందు నిలబడినప్పుడు అది కదలదు. వాక్యం చివరికి వచ్చి తానే విషయం చెప్పాల్సి వస్తే మాత్రం ఇటాలియన్ కూడా చెయ్యని పని చేస్తుంది. వాడు కొత్తవాడు. ఆ అమ్మాయి కొత్తది. నువ్వు కొత్తవాడివి. నేను కొత్తదాన్ని. మీరు కొత్తవాళ్ళు. మేము కొత్తవాళ్ళం. విశేషణానికి ఆడా మగా తగిలి, ఒకరా పదిమందా తగిలి, చివరికి నేనా నువ్వా అన్నది కూడా తగిలింది. ఇటాలియన్‌లో 'నేను కొత్త' అన్నా 'నువ్వు కొత్త' అన్నా విశేషణం ఒక్కటే. మనిషిని చెప్పే పని క్రియకి వదిలేస్తారు.

మన కుటుంబాల్లో తరచు జరిగేది ఏమిటంటే, నాన్న ముందుగా వెళ్ళి డ్యూటీలో చేరతారు, లేదా పాత చోట పని అప్పగించడానికి ఆగిపోతారు. అమ్మా పిల్లలూ సామాన్లతో వేరే రోజు దిగుతారు. ఒక అమ్మ, ఇద్దరు కూతుళ్ళు కొత్త కాలనీలో లారీ పక్కన నిలబడి ఉన్నారనుకోండి. ఎదురింటివాళ్ళు ఎవరని అడిగితే ఇటాలియన్‌లో "సియామో నువోవే" అనాలి. రెండు వారాల తరవాత నాన్న రిలీవై, సాయంత్రం బండికి దిగి ఆటోలో ఇంటికి వస్తారు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అది "సియామో నువోవీ" అయిపోతుంది. తెలుగులో ఆయన రాక ముందూ, వచ్చాకా కూడా "మేము కొత్తవాళ్ళమండీ" అనే అంటాం.